మర్యాద: ఒక మాట, రెండు నేలలు

సూరత్ నగరంలో వెలువడే ఉద్యోగ ప్రకటనల్లో ‘వయ్ మర్యాదా’ అనే శీర్షిక తరచుగా కనిపిస్తుంది. గుజరాతీ లిపిని కూడబలుక్కుని చదవడం అప్పుడే నేర్చుకున్న తెలుగువాడికి అది పెద్దలపట్ల చూపవలసిన గౌరవాన్ని గురించిన హితవుగా తోచితే వింత లేదు. నిజానికి అక్కడ చెప్పినది వయోపరిమితి. దరఖాస్తు చేరవలసిన గడువు ‘సమయ్ మర్యాదా’. పొరుగున ఉన్న మహారాష్ట్రలో సహకార సంఘాల పేర్ల చివర ‘మర్యాదిత్’ అని ఉంటుంది. సభ్యుల బాధ్యత పరిమితమని దాని తాత్పర్యమే గాని, ఆ సంఘంవారు మర్యాదస్తులని కాదు.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలీలు బతుకుతెరువు వెతుక్కుంటూ షోలాపూర్‌కూ, భివండికీ, సూరత్‌కూ వెళ్లి స్థిరపడిన చరిత్ర తెలిసినదే. సూరత్‌లో లింబాయత్ వంటి పేటల్లో మరమగ్గాల చప్పుడు మధ్య తెలంగాణ మాండలికం వినవచ్చు. ఆ నగరపు మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలు గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాల్లోనూ, తెలుగు మాధ్యమంలోనూ నడుస్తూ వచ్చాయి. అటువంటి బడిలో చదివే పిల్లవాడు తెలుగు వాచకంలో ‘మర్యాద’ను ఒక అర్థంలో చదివి, బడి గోడ అవతల అదే మాటను వేరొక అర్థంలో వింటాడు. రెండూ ఒకే సంస్కృత పదం. తత్సమాలు భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడి సొత్తు కనుక ఒక భాష నుంచి మరొక భాషకు వాటిని యథాతథంగా తరలించవచ్చునన్న విశ్వాసం కార్యాలయాల్లోనూ, అనువాద సభల్లోనూ బలంగా ఉంది. ఆ విశ్వాసం ఎంతవరకు నిలుస్తుందో చూడడానికి ఈ ఒక్క మాట చాలు.

మర్యాద మొదట హద్దు. ఋగ్వేదం పదవ మండలంలోనే ఏడు మర్యాదల ప్రస్తావన ఉంది. యాస్కుడు నిరుక్తంలో వాటిని దొంగతనం, బ్రహ్మహత్య, సురాపానం మొదలైన ఏడు అతిక్రమణలుగా వివరించాడు. అంటే మనిషి దాటరాని ఏడు గీతలన్నమాట. పద వ్యుత్పత్తిని చెప్పేటప్పుడు ఆయన ‘మర్య’ శబ్దానికి మనుషులనే అర్థం తీసుకొని, మనుషులు గ్రహించేది గనుక మర్యాద అయిందన్నాడు. ఆధునిక భాషాశాస్త్రజ్ఞులు ఈ వ్యుత్పత్తిని నిస్సంశయంగా అంగీకరించరు. అయినా, మర్యాద ప్రకృతి పెట్టినది కాదు, మనుషులు తమలో తాము ఒప్పుకున్నదన్న సూచన మాత్రం విలువైనది. అమరకోశం ఈ పదాన్ని సంస్థ, ధారణ, స్థితి అనే మాటల పక్కన చేర్చింది. వాటిలో ఏ ఒక్కదానికీ వినయంతో గాని, అతిథి సత్కారంతో గాని సంబంధం లేదు. ఉన్నచోట ఉండడమే అక్కడి భావం. సముద్రం తన తీరం దాటకపోవడం కావ్యాల్లో మర్యాదకు నిదర్శనంగా చెప్పబడింది. ఆ తీరానికి తెలుగులో ‘చెలియలికట్ట’ అనే చక్కని మాట ఉంది గాని, దానికి సత్కారమనే అర్థం ఎన్నడూ రాలేదు.

పాణిని ఈ పదాన్ని మరింత సూక్ష్మంగా వాడుకున్నాడు. ‘ఆఙ్’ అనే ఉపసర్గకు మర్యాద, అభివిధి అని రెండు అర్థాలు చెప్పాడు. రెండూ ‘అంతవరకు’ అనేవే. ఆ చివరి చోటును విడిచిపెట్టి అంతవరకు అంటే మర్యాద. దానిని కూడా కలుపుకొని అంతవరకు అంటే అభివిధి. ‘సూరత్ వరకు వాన కురిసింది’ అన్న తెలుగు వాక్యంలో ఊరు తడిసిందో లేదో తేలదు. సంస్కృత వైయాకరణులకు అది తేలవలసిన విషయం. తడవకపోతే మర్యాద, తడిస్తే అభివిధి. ఎదుటివారి చోటు మొదలయ్యే ముందే ఆగిపోవడం మర్యాద అన్న అర్థం వ్యాకరణంలోనే ఈ విధంగా స్థిరపడి ఉంది.

అన్నిటికన్నా ఆలోచింపజేసేది ధర్మశాస్త్రపు అర్థం. యాజ్ఞవల్క్యస్మృతి సరిహద్దు తగాదాల ప్రకరణంలో మర్యాదను చెరపడానికీ, సీమను అతిక్రమించడానికీ వేర్వేరుగా దండన విధించింది. రెండూ హద్దులే అయినప్పుడు వేర్వేరుగా చెప్పడమెందుకు? కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుడు సమాధానం చెప్పాడు. అనేక క్షేత్రాలను విడదీస్తూ, వాటన్నిటికీ సాధారణమై ఉండే నేలకు మర్యాద అని పేరు. అంటే గీత కాదు, గట్టు. గీతకు వెడల్పు ఉండదు. గట్టుకు ఉంటుంది, దానిమీద నడవవచ్చు. అది ఇటు రైతుదీ కాదు, అటు రైతుదీ కాదు, ఇద్దరిదీ కూడా. మితాక్షరను పదమూడవ శతాబ్దంలోనే మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయం’గా తెనిగించాడు కనుక తెలుగు నేలకు ఈ న్యాయవిచారం కొత్తది కాదు. ప్రతి దుక్కికీ ఒక చాలు చొప్పున గట్టును లోపలికి కోసుకుంటూ పోయే రైతును పల్లెల్లో ఇప్పటికీ మర్యాద లేనివాడనే అంటారు. అనేవారికి స్మృతి తెలియకపోయినా మాట సరిగ్గా దాని చోటున పడుతుంది.

ఈ గట్టు దక్షిణాదిన సత్కారంగా ఎలా మారింది? శాసనాల భాష కొంత దారి చూపిస్తుంది. దక్షిణాది శాసనాల్లో ‘పూర్వ మర్యాద’ అనే ప్రయోగం వస్తుంది. పాత కట్టుబాటు, వెనుకటి వాడుక అని దాని అర్థం. హద్దు కాలక్రమంలో ఆచారమైంది. ఆచారం ప్రకారం ఎవరికి ఏది చెల్లవలసి ఉందో అది కూడా మర్యాదే అయింది. దేవాలయాల్లో ఈ పరిణామం సంపూర్ణంగా కనిపిస్తుంది. తీర్థం, శఠారి, ప్రసాదం, తలకు చుట్టే పరివట్టం, పూర్ణకుంభ స్వాగతం, వీటన్నిటికీ కలిపి ఆలయ మర్యాదలని పేరు. ఇక్కడ మర్యాద బహువచనంలోకి వచ్చింది, లెక్క పెట్టదగినదైంది, ముందు ఎవరికి, తరువాత ఎవరికి అన్న వరుసకు లోబడింది. మద్రాసు రాజధానిలో ఆలయ మర్యాదల కోసం వంశాలవారు న్యాయస్థానాలకెక్కిన వ్యాజ్యాలు ఎన్నో ఉన్నాయి. తీర్థం ముందుగా ఎవరి చేతిలో పడాలన్నది హక్కా, కేవలం గౌరవమా అని న్యాయమూర్తులు తర్కించవలసి వచ్చింది.

గుడిలోని మర్యాద పెళ్లింట ప్రవేశించింది. మగపెళ్లివారి మర్యాదలు, అల్లుడి మర్యాదలు, వియ్యపురాలి మర్యాదలు తెలుగు కుటుంబ జీవితంలో ఎన్ని కథలకు ఆస్కారమిచ్చాయో చెప్పనక్కరలేదు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం నాలుగింటిలోనూ ఈ పదానికి గౌరవం, మన్నన అనే అర్థం ప్రధానమైంది. గుజరాతీ, మరాఠీ, హిందీ భాషల్లో హద్దు, కట్టుబాటు, నడవడిలో నిగ్రహం ప్రధానంగా మిగిలాయి. శ్రీరాముణ్ణి మర్యాదా పురుషోత్తముడని ఉత్తరాదివారు అన్నప్పుడు ధర్మం గీసిన గీత దాటనివాడని వారి ఉద్దేశం. తెలుగు పిల్లవాడు ఆ బిరుదు వింటే అందరితోనూ మెత్తగా మాట్లాడే పురుషుడు మనసులో మెదలుతాడు. సీతా పరిత్యాగం ఆ బిరుదుతో ఎలా పొసగుతుందో అతనికి అర్థం కాదు. ఉత్తరాది అర్థంలో తీసుకుంటే అది చాలా కఠోరంగా పొసగుతుంది.

తెలుగు ‘మర్యాద’ను కేవలం సౌమ్యతగా వివరించే పద్ధతి అందుకే సరిపోదు. నిఘంటువులు హద్దు, ఆచారం, గౌరవం, మన్నన అని అర్థాలను వరుసగా పేర్చి, ఒకదాన్ని విడిచి మరొకదానికి భాష వచ్చిందన్న భ్రమ కలిగిస్తాయి. వాడుక అలా చెప్పదు. ‘మర్యాదగా చెబుతున్నాను’ అనే వాక్యాన్ని వినయవాక్యంగా తెలుగువాడెవడూ పొరబడడు. ఇక్కడికి గీత, దీని తరువాత జరిగేదానికి బాధ్యత నీదే అని దాని భావం. ‘మర్యాద దక్కదు’ అన్నా అంతే. మర్యాద పోతుంది, నిలుస్తుంది, దక్కుతుంది, తప్పుతుంది, ఇచ్చి పుచ్చుకోవలసి వస్తుంది. ఇవన్నీ నేలకూ, సొత్తుకూ వాడే క్రియలు. పత్రికల్లో ఒక నాయకుడు మరొక నాయకుణ్ణి ‘మర్యాదపూర్వకంగా’ కలిశాడని వచ్చినప్పుడు, వారు మాట్లాడుకున్నది చెప్పదలచుకోలేదని మాత్రమే పాఠకుడు గ్రహిస్తాడు. ఆ మాట అక్కడ కూడా కంచె పనే చేస్తోంది.

గౌరవమనే పూతకింద హద్దు ఎంత బలంగా నిలిచి ఉందో గ్రామజీవితం చూపింది. దొర గడి ముందు చెప్పులు విడిచి చేత పట్టుకుని నడవడం, భుజంమీది తుండు దించడం, ‘బాంచెను, కాల్మొక్త’ అనడం తెలంగాణలో ఒక కాలాన మర్యాదలుగానే చలామణి అయ్యాయి. ఊరికీ వాడకూ మధ్య ఉన్న ఖాళీ నేల కూడా ఒక మర్యాదే. అయితే అది విజ్ఞానేశ్వరుడు చెప్పిన సాధారణ భూమి కాదు. దానిమీద నడిచే హక్కు ఒక వైపువారికే ఉండేది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటం భూమికోసం ఎంతగా జరిగిందో, ఈ సంబోధనల నుంచి బయటపడడానికి కూడా అంతగా జరిగింది. తెలుగు సంస్కృతిని కొనియాడే ప్రసంగాల్లో ‘మన మర్యాదలు’ అన్న మాట వచ్చినప్పుడల్లా ఈ భాగం జారిపోతూ ఉంటుంది. అతిథికి కాళ్లకు నీళ్లిచ్చిన చెంబు ప్రసంగంలోకి వస్తుంది. ఆ చెంబును తాకరాని వారి సంగతి రాదు.

గుజరాత్‌లో ఈ రెండో భాగానికి ఒక ప్రత్యేకమైన పేరే ఉంది. మర్యాద నుంచి పుట్టిన ‘మరజాదీ’ అనే మాటను వైష్ణవుల్లో శౌచనియమాలు అతి కఠినంగా పాటించేవారికి వాడతారు. ఇతరులు తాకిన నీళ్లూ, వండిన అన్నమూ మరజాదీ స్వీకరించడు. తెలుగులో మర్యాద అంటే అన్నానికి పిలవడం. గుజరాతీలో మరజాదీ అంటే పిలిచినా తినని మనిషి. ఇందులో తెలుగువారికి ఆసక్తి కలిగించే మరో విశేషం కూడా ఉంది. గుజరాత్ అంతటా విస్తరించి, సూరత్‌లోనూ హవేలీలు గల ఈ పుష్టిమార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యులు తెలుగు వైదిక బ్రాహ్మణ కుటుంబంలో జన్మించినవారు. ఆయన సిద్ధాంతంలో మర్యాద, పుష్టి అనేవి రెండు మార్గాలు. శాస్త్రవిధిని అనుసరించి నడిచేది మర్యాదామార్గం. భగవదనుగ్రహమే ఆధారమైనది పుష్టిమార్గం. రెండవదే ఆయనకు ఉత్తమం. మర్యాద చాలదని చెప్పిన ఆచార్యుని సంప్రదాయంలోనే అతి నియమపరునికి మరజాదీ అన్న పేరు స్థిరపడడం చరిత్ర చేసిన చిన్న పరిహాసం.

మర్యాద హద్దుగానే మిగిలిపోయాక, గుజరాతీ తన సభ్యతకు మాట ఎక్కడ వెతుక్కున్నది? ‘వివేక్’లో. తెలుగులో వివేకం తెలివి, మంచిచెడ్డల విచక్షణ. గుజరాతీలో ఆ అర్థం ఉంటూనే, మాటలో నడతలో చూపే మన్ననకు కూడా అదే పేరు. ‘వివేకీ’ అంటే సభ్యత తెలిసినవాడు. ‘అవివేక్’ అంటే మొరటుదనం. తెలుగులో అవివేకి అనిపించుకున్నవాడు తన బుద్ధికి లోటు జరిగిందని బాధపడతాడు; గుజరాతీలో అనిపించుకుంటే తన నడతకు నింద వచ్చిందని బాధపడతాడు. కందుకూరి వీరేశలింగం 1874లో ప్రారంభించిన ‘వివేకవర్ధని’ పేరు గుజరాతీ పాఠకుడికి చెబితే, సభ్యతను పెంపొందించే పత్రిక కాబోలుననుకుంటాడు. లంచగొండి ఉద్యోగులను, ఛాందసులను ఆ పత్రిక ఏకిన తీరు తెలిసినవారికి ఆ ఊహ నవ్వు తెప్పిస్తుంది.

వివేక పదానికి మూలం వేరుచేయడం. యజుర్వేదంలో ధాన్యాన్ని దంచి పొట్టు తొలగించే సందర్భంలో ఈ ధాతువు ప్రయోగం ఉంది. చేటలో చెరిగి గింజనూ పొట్టునూ విడదీయడమే మొదటి వివేకం. అది సభ్యతగా మారడానికి గుజరాతీ వేసిన అడుగు ఒంటరిది కాదు. ఉర్దూలో నడత తెలియడానికి ‘తమీజ్’ అని పేరు. అది అరబ్బీ ‘తమ్యీజ్’ నుంచి వచ్చింది. దాని అర్థం కూడా వేరుచేయడం, తేడా గుర్తించడం. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో పిల్లవాడికి మంచిచెడ్డలు వేరుచేసే శక్తి వచ్చే వయస్సుకు తమ్యీజ్ వయస్సు అని పేరు. సుమారు ఏడేళ్లుగా దానిని లెక్కిస్తారు. మొగలుల కాలంలో అరబ్బీ, పారసీ, తుర్కీ మాటలు ఓడలతోపాటు దిగిన రేవు సూరత్. వివేక్, తమీజ్ అనే రెండు మాటలూ ఒకే మలుపు తిరగడం కేవలం కాకతాళీయమని నమ్మడం కష్టం. రెండు భాషలూ కలిసి తెలిసినవారి నోట ఒకదాని అర్థం రెండవదానికి పాకి ఉండవచ్చునన్న ఊహకు అవకాశముంది. అంతకుమించి రూఢిగా చెప్పడం సాహసమే అవుతుంది.

తెలంగాణ నుంచి వెళ్లిన నేతపనివారికి తమీజ్ కొత్త మాట కాదు. హైదరాబాదు రాజ్యపు ఉర్దూ వారి తెలుగులోకి అంతకు ముందే దానిని తెచ్చింది. ‘తమీజు లేదా?’ అన్న గద్దింపు అక్కడి వీధుల్లో పుట్టి పెరిగినవారంతా విన్నదే. కనుక వారు సూరత్ చేరేనాటికే వారివద్ద రెండు రకాల సభ్యత ఉంది: ఇతరుల నుంచి పొందవలసిన మర్యాద, తనకు తానుగా కలిగి ఉండవలసిన తమీజు. మర్యాద లేదంటే తనకు ఎవరో ఇవ్వలేదని అర్థం కావచ్చు. తమీజు లేదంటే లోటు తనదే. గుజరాతీ వివేక్ ఈ రెండవ జాతికి చెందినది. సంబోధనలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. గుజరాతీలో చిన్నా పెద్దా తేడా లేకుండా పేరు చివర భాయి, బెన్ చేర్చి పిలుస్తారు. దొరా అని పిలవవలసిన చోటు నుంచి వచ్చిన మనిషి, యజమానిని పేరుపెట్టి భాయి అనగలగడం చిన్న విషయం కాదు. అంతమాత్రాన మరమగ్గాల షెడ్డులో సమానత్వం వచ్చిందనుకోకూడదు. భాయి వెనుక శేఠ్ ఉన్నాడు. కూలి లెక్క దగ్గర ఆ సంగతి తెలుస్తుంది.

సూరత్ వారి మాటతీరుకు మిగిలిన గుజరాత్‌లో మంచి పేరు లేదన్నది కూడా చెప్పుకోవాలి. అక్కడి యాసలో సకారం హకారంగా వినిపిస్తుంది. స్నేహితుల మధ్య తిట్టు లేని సంభాషణ అరుదని గుజరాతీలే వేళాకోళం చేస్తారు. గుజరాతీ మాటల అర్థాలను గుజరాతీలోనే చెప్పే మొదటి నిఘంటువు ‘నర్మకోశం’ ఇటువంటి ఊరివాడి చేతిమీదుగా రావడం విశేషం. కవి నర్మద్ 1833లో సూరత్‌లో పుట్టాడు. వితంతు వివాహాన్ని సమర్థించాడు. 1864లో ‘దాండియో’ పత్రిక పెట్టి నిర్మొహమాటంగా రాశాడు. కులపెద్దలు గీసిన మర్యాదలను జీవితంలో దాటుతూనే, మాటల మర్యాదలను నిర్ణయించే పనిని ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా చేసి 1873లో కోశాన్ని పూర్తిచేశాడు. తెలుగుకు బ్రౌన్ నిఘంటువు 1852 నాటికే ఉన్నా, అది ఇంగ్లీషు చదువరికోసం తయారైనది. తన భాషవారి కోసం తన భాషలోనే అర్థం చెప్పడానికి పూనుకున్న నర్మద్ శ్రమ వేరు.

సూరత్ సభ్యత నాలుకమీద మాటల్లో కన్నా పళ్లెంలో ఎక్కువగా ఉంటుంది. చావు కాశీలో, భోజనం సూరత్‌లో అని గుజరాతీలో ఒక సామెత. సభ్యతకూ విందుకూ ఉన్న చుట్టరికం అరబ్బీలో కూడా కనిపిస్తుంది. మన్ననకూ సాహిత్యానికీ ఒకే పేరైన ‘అదబ్’ను పూర్వ నిఘంటుకారులు విందుకు పిలవడం అనే అర్థంగల ధాతువుతో కలిపారు. అలవాటు అనే అర్థంగల మరో పదం నుంచి వచ్చిందని ఆధునికులు కొందరు అంటారు. తెలుగు ‘విందు’కు చుట్టమైన తమిళ ‘విరుందు’ భోజనానికీ, భోజనానికి వచ్చిన మనిషికీ కూడా పేరు.

ఆ విందులో గుజరాతీ ఆతిథేయుడు చేసే పనికి ‘ఆగ్రహ్’ అని పేరు. తెలుగు అతిథి ఉలిక్కిపడవలసిన మాట ఇది. తెలుగులో ఆగ్రహం కోపం. గుజరాతీలో ఆగ్రహ్ పట్టుదల, వదలకుండా బలవంతపెట్టడం. ఆగ్రహ్ చేసి భోజనం పెట్టకపోతే అక్కడ అతిథికి లోటు జరిగినట్టు. పట్టుకొని విడవకపోవడమే ఈ పదానికి మూలార్థం కనుక గుజరాతీ అర్థమే దానికి దగ్గరది. గాంధీజీ సత్యాగ్రహ శబ్దాన్ని ఎన్నుకున్నప్పుడు ఆయన చెవిలో మోగినది సత్యాన్ని విడవని ఈ పట్టుదలే. 1928లో సూరత్ జిల్లా బార్డోలీ రైతులు పెంచిన భూమిశిస్తు కట్టమని వల్లభ్‌భాయి పటేల్ నాయకత్వంలో నిలిచినప్పుడు, ఆ మాట వారికి ఇంటి మాట. సత్యాగ్రహాన్ని తెలుగులోకి యథాతథంగా తెచ్చుకున్నప్పుడు వ్యుత్పత్తి తెలియని తెలుగు చెవిలో అది సత్యం కోసం వచ్చే కోపంగా కూడా ధ్వనించింది. కోపం పనికిరాదన్నదే ఆ ఉద్యమపు మొదటి నియమం.

అదే సూరత్‌లో 1907 డిసెంబరులో జరిగిన కాంగ్రెసు మహాసభ గందరగోళంలో ముగిసిన సంగతి చరిత్ర పాఠాల్లో ఉంది. వేదికమీదికి పాదరక్ష విసరబడింది. కాంగ్రెసు రెండుగా చీలింది. ఆ రెండు పక్షాలకూ తెలుగులో పెట్టుకున్న పేర్లు మితవాదులు, అతివాదులు. ఒకరు మితిలో ఉన్నవారు, మరొకరు దానిని మించినవారు. మర్యాద అనే మాట వాడకుండానే తెలుగు ఆనాటి తగాదాను హద్దు తగాదాగా అర్థం చేసుకుంది.

విందు దగ్గరికి మళ్లీ వస్తే, గుజరాతీ ఆగ్రహ్‌కు ఎదురుగా తెలుగు అతిథి చూపేది ‘మొహమాటం’. మొగం ఆ మాటలోనే ఉంది. ఎదుటివారి ముఖం చూస్తూ వద్దనలేకపోవడం, కావాలని ఉన్నా అడగలేకపోవడం రెండూ అందులో చేరతాయి. దానికి సరిపోయే మాట గుజరాతీలో గాని, ఉర్దూలో గాని తేలికగా దొరకదు. రెండోసారి వడ్డించవచ్చినప్పుడు తెలుగు అతిథి విస్తరిమీద చేయి అడ్డం పెడతాడు. అది నిజంగా వద్దనడమో, ఇంకొకసారి అడగమనడమో తెలుగు ఇల్లాలు ముఖం చూసి పోలుస్తుంది. వడ్డన చేతి దగ్గర ఆగితే పాణినీయుల మర్యాద. చేయి తొలగించి వడ్డిస్తే అభివిధి. సూరత్‌లో ఎక్కువగా జరిగేది రెండవదే.

ఇటువంటి తేడాలు పండితుల వినోదానికి మాత్రమే పరిమితమైతే ఇంత చర్చ అవసరం ఉండదు. బహుభాషా నగరాల్లో ప్రకటనలు, పాఠ్యపుస్తకాలు, వైద్యశాల సూచనలు, శ్రామికుల ఒప్పంద పత్రాలు ఒక భారతీయ భాష నుంచి మరొకదానికి మారుతూ ఉంటాయి. ఇంగ్లీషు మాట ఎదురైనప్పుడు అనువాదకుడు ఆగి ఆలోచిస్తాడు. తత్సమం ఎదురైనప్పుడు ఆగడు. లిపి మార్చి ముందుకు వెళ్తాడు. సూరత్‌లో ఒక కార్మికుడి కాగితంలో ‘మర్యాదా’ అని ఉన్నది చెల్లింపు మొత్తానికి గరిష్ఠ పరిమితి కావచ్చు. దానిని తెలుగులో మర్యాద అని రాస్తే ఆ వాక్యానికి అర్థమే ఉండదు. చదివినవాడు దానిని దాటవేసి వేలిముద్ర వేస్తాడు. సాహిత్యానువాదంలో నష్టం ఇంకా కనపడకుండా జరుగుతుంది. గుజరాతీ నవలలో కోడలు పాటించే మర్యాదా, మామగారి ఎదుట ముసుగు దించుకుని దూరంగా నిలబడడం. తెలుగు ప్రతిలో అదే మాట ఉంచితే ఆమె మామగారికి కాఫీ తెచ్చి ఇచ్చిందని పాఠకుడు అనుకోవచ్చు.

ఉభయ భాషా నిఘంటువులు తత్సమాలను వదిలివేయడం, లేదా అదే మాటను అర్థంగా తిరిగి రాసి సరిపెట్టడం ఈ లోపానికి ముఖ్య కారణం. గుజరాతీ మర్యాదాకు తెలుగులో హద్దు, పరిమితి, గడువు, కట్టుబాటు, సందర్భాన్నిబట్టి ఘోషా అని ఇవ్వాలి. గుజరాతీ వివేక్‌కు విచక్షణతోపాటు మర్యాద, మన్నన అని చేర్చాలి. ఆగ్రహ్‌కు పట్టుదల, బలవంతం అని చెప్పి, కోపం కాదని ప్రత్యేకంగా గుర్తుచేయాలి. తెలుగు మర్యాదను గుజరాతీలో చెప్పవలసి వస్తే పని ఇంత సులువు కాదు. అతిథికి చేసేది ఆగ్రహ్, సరభరా. పెద్దలకు ఇచ్చేది మాన్. నడతలో చూపేది వివేక్. గుడిలో వరుసగా అందేదానికి మాత్రం ఒకే మాట దొరకక వాక్యం రాయవలసి ఉంటుంది.